నాలుగెత్తుల సుశీల

ఆ చలికాలమంతా నేను ఒక్క మనిషిని ఓడించటం కోసమే నిద్ర లేచేదాన్ని. ఆ మనిషి మా మేనమామ కొడుకు బసవేశ్వరరావు. అంతకుముందు అతని పేరు ఎవరైనా నా పేరుతో కలిపి అంటే సిగ్గుపడి లోపలి గదిలోకి పారిపోయిందీ నేనే.

1972 ఆఖరు. ప్రత్యేకాంధ్ర ఆందోళన ముదిరి కాలేజీలు మూతపడ్డాయి. బాపట్లలో బి.ఎస్సీ. రెండో ఏడు చదువుతున్న నేను హాస్టలు ఖాళీ చేసి, ట్రంకుపెట్టెతో తెనాలి వచ్చేశాను. హైదరాబాదులో కొత్తగా ఇంజనీరు ఉద్యోగంలో చేరిన బావ, అక్కడ గొడవలుగా ఉన్నాయని సెలవు పెట్టి సొంతూరు రేపల్లె బయల్దేరాడు. తెనాలి చేరేసరికి రేపల్లె రైలు ఆగిపోయింది. మేనత్త ఇల్లే కదా అని మా ఇంట్లో దిగాడు. తర్వాత బస్సులు నడిచిన రోజుల్లో కూడా కదల్లేదు. రేపల్లెలో పొద్దుపోదన్నాడు.

మా ఇంట్లో పొద్దుపోవటానికేం లోటు లేదు. ఆఫీసులు లేవు, కోర్టులు లేవు. కొల్లిపర దగ్గర పొలం కోతలైపోయాయి. మా నాన్న వీరరాఘవయ్య పొద్దున్నే వసారాలో చాప పరిచేవాడు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన వెంకటప్పయ్య గారు, సమ్మెలో ఉన్న మరో ఇద్దరు ముగ్గురు గుమాస్తాలు వచ్చి చేరేవారు. ఊరేగింపు వచ్చినప్పుడు అందరూ లేచి వీధిలోకి వెళ్ళి నినాదాలిచ్చి, తిరిగొచ్చి మళ్ళీ చాప మీద కూర్చునేవారు. బావ తన సూట్‌కేసులోంచి మడత పెట్టే చదరంగం బల్ల, నలుపు తెలుపు పావులు బయటికి తీశాక పేకాట ఆగిపోయింది. ఆ వసారాలో అతన్ని ఓడించే వాళ్ళెవరూ లేరు. హాస్టల్లో ఉండగా కాలేజీ పోటీల్లో కప్పు కొట్టానని చెప్పాడు. నిజమే అయి ఉంటుంది.

పెద్దవాళ్ళని ఓడించి విసుగెత్తిన ఒక ఉదయం, కాఫీ గ్లాసులు తీసుకెళ్ళటానికి వచ్చిన నన్ను కూర్చోమన్నాడు.

"మావయ్యా, సుశీలకి ఆట నేర్పిస్తాను. కాలేజీ లేదుగా, బుర్ర తుప్పు పట్టిపోతుంది."

నేను సంతోషంగా కూర్చున్నాను. ఏనుగు నిలువుగా, అడ్డంగా, శకటు ఐమూలగా, గుర్రం ఎగిరి. గబగబా చెప్పాడు. అర్థమైందా అన్నాడు. అర్థమైందన్నాను. ఆట మొదలైంది. తను ఒక బంటుని జరిపాడు, ఒక శకటుని తెచ్చాడు, మంత్రిని తెచ్చాడు. నేను ఏదో ఒకటి జరుపుతూ ఉన్నాను. నాలుగో ఎత్తుకి అతని మంత్రి వచ్చి నా రాజు పక్కనున్న బంటుని కొట్టి కూర్చుంది. మంత్రిని కొడదామంటే వెనక శకటు కాపలా ఉంది.

"ఆటకట్టు," అన్నాడు. "మావయ్యా, చూశారా? నాలుగే ఎత్తులు! ఇంత తొందరగా చచ్చిపోయిన వాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు. నాలుగెత్తుల సుశీల!"

వసారా అంతా నవ్వింది. వెంకటప్పయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. నాన్న నవ్వాడు. గడప దగ్గర నిలబడిన అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ గ్లాసులు పట్టుకుని లోపలికి నడుస్తుంటే నా చెవులు మండుతున్నాయి.

ఆ పేరు అక్కడితో పోలేదు. అన్నం పెడుతుంటే, బట్టలు ఆరేస్తుంటే, "నాలుగెత్తుల సుశీలా, మంచినీళ్ళు!" అని కేకేసేవాడు. మర్నాడు నేనే వెళ్ళి ఆడతానన్నాను. ఓడిపోయాను. మళ్ళీ ఆడాను. ప్రతి ఆటా అతన్ని ఒక్క దెబ్బ కొట్టాలన్న ఆత్రంతో మొదలుపెట్టేదాన్ని. కొట్టేదాన్ని కూడా. అతని గుర్రాన్నో బంటునో తీసి పక్కన పెట్టుకుని సంబరపడుతుండగానే నా రాజు పోయేవాడు. గెలుస్తానని తెలిసిన దగ్గర్నుంచీ అతను ఏదో పాట కూనిరాగం తీస్తూ, కాలు ఊపుతూ ఆడేవాడు. ఆ కూనిరాగం మొదలైతే నాకు గళ్ళు కనిపించేవి కావు.

ఒకసారి చూసుకోకుండా మంత్రిని అతని శకటుకి ఎదురుగా పెట్టేశాను. చెయ్యి తీస్తూనే తెలిసింది.

"బావా, చూళ్ళేదు. వెనక్కి తీసుకుంటాను."

"ముట్టుకున్న పావునే ఆడాలి, వదిలేస్తే అయిపోయినట్టే. ఇదేమన్నా గుజ్జనగూళ్ళాటేంటి?" అని నా మంత్రిని గుప్పిట్లోకి తీసుకున్నాడు.

నేను బల్లని ఒక్క తోపు తోశాను. పావులన్నీ వసారా మెట్ల మీంచి దొర్లి వీధిలో పడ్డాయి. నాన్న నన్ను కేకలేశాడు. అందరూ చూస్తుండగా, ఎండలో, వీధిలో వంగుని ఒక్కొక్క పావూ ఏరుకొచ్చాను. బావ మెట్టు మీద కూర్చుని, "అదుగో, ఆ బంటు కాలవ గట్టున పడింది చూడు," అని చూపిస్తూ ఉన్నాడు.

అదే మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"సుశీలకి ఇంక చదువెందుకు మావయ్యా? నాలుగెత్తులు ముందుకి చూళ్ళేని పిల్ల, ఆ ఫిజిక్సు చదివి ఏం చేస్తుంది? నేనెలాగూ ఉద్యోగం చెయ్యనివ్వను. డబ్బు దండగ."

నాన్న పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "అదీ నిజమేలే. కాలేజీలు ఈ ఏడు ఎట్లాగూ తెరిచేట్టు లేవు. రైళ్ళు నడిస్తే మీ నాన్నని రమ్మందాం. మాఘంలో ముహూర్తాలున్నాయి," అన్నాడు.

నేను వడ్డిస్తున్నాను. నన్నెవరూ అడగలేదు. గరిటె అతని మొహాన కొట్టాలనిపించింది. అతని విస్తరిలో పులుసు పోసి, లోపలికి వెళ్ళాను. అతన్ని చేసుకోవటం ఇష్టంలేదని అప్పటికి నేను అనుకోలేదు. ముందు అతను ఓడిపోవాలి. అందరి ముందూ ఓడిపోవాలి. నవ్విన ప్రతి మనిషీ ఉండగా ఓడిపోవాలి. అంతే నాకు కావలసింది.

మా వీధి చివర, కాలవ వంతెన అవతల రాహేలు టీచరు గారి ఇల్లు. నాకు అయిదో తరగతిలో పాఠం చెప్పారు. మధ్యాహ్నం బెల్లులో ఆవిడా హెడ్మాస్టరు గారూ చదరంగం ఆడుకోవటం చూసిన జ్ఞాపకం. టీచర్లు కూడా సమ్మెలో ఉన్నారు కాబట్టి ఇంట్లోనే ఉంటారు. లేసు అల్లటం నేర్చుకుంటానని అమ్మకి చెప్పి వెళ్ళాను.

టీచరు గారికి యాభై ఏళ్ళుంటాయి. ఒంటరి మనిషి. బక్కపలచగా, తెల్లచీరలో, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతున్నారు. చదరంగం నేర్పమని అడిగితే చేటలోంచి తలెత్తకుండా, "ఎవర్ని ఓడించాలమ్మా?" అన్నారు.

"ఏంటండి?"

"సరదాకి నేర్చుకునేవాళ్ళు అట్లా పళ్ళు కొరుకుతా రారు. ఎవర్ని?"

"మా బావనండి."

"ఏం చేశాడేంటి?"

చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు. చేట పక్కన పెట్టి, లోపల్నుంచి ఒక పాత చెక్కబల్ల తెచ్చారు. పావుల్లో ఒక ఏనుగు పోయింది. దాని బదులు ఖాళీ దారపు రీలు పెట్టారు.

"కోపం ఉండటం మంచిదే. పారేసుకోమాక. అయితే దాన్ని బల్ల మీద పెట్టకు. ఒళ్ళో పెట్టుకో," అన్నారు. "ఆ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చో."

మొదట నా రోగమేమిటో చూపించారు. బావ నాలుగెత్తుల్లో నన్ను కట్టేసిన ఆట వేయమన్నారు. వేశాను.

"ఇతని మంత్రి ఇక్కడికొచ్చింది. ఎందుకొచ్చింది?"

"నన్ను కొట్టటానికండి."

"ఎక్కడ?"

చూపించాను.

"మరి తెలిసిందిగా? ఆ బంటుకి కాపలా పెట్టు. తర్వాత ఆ మంత్రి ఒంటరిగా వచ్చింది కదా, దాన్ని నీ గుర్రంతో తరుము. అది పారిపోతుంటే నీ పావులు ఒక్కోటీ బయటికొస్తాయి. అతను ఎత్తు వేసిన ప్రతిసారీ ఎందుకేశాడో నోటితో చెప్పు. చెప్పాకే చెయ్యి బయటికి తియ్యి."

వినటానికి ఇంతే. కానీ నాకు నరకంగా ఉండేది. అతని ఎత్తు ఎందుకో ఆలోచించటమంటే అతని బుర్రలో దూరి కూర్చోవటమే. నాకు అతని బుర్రని బద్దలు కొట్టాలని ఉంది గాని, అందులో కూర్చోవాలని లేదు. ఆవిడ మంత్రినీ ఏనుగుల్నీ తీసేసి, రాజు, బంట్లతోనే ఆడించేవారు. ఒక్కొక్క గడీ నత్తలా జరుపుకుంటూ పోయే ఆట. ఒక బంటుని ముందు జరిపితే ఓటమి, వెనకున్న బంటుని జరిపితే గెలుపు. ఎందుకో అర్థమయ్యేది కాదు. రోజూ ఓడిపోయేదాన్ని. ఇంట్లో బావ చేతుల్లో ఓటమి, ఇక్కడ టీచరు చేతుల్లో ఓటమి.

ఒకనాడు లేచి నిలబడ్డాను. "నావల్ల కాదండి. అతను చెప్పింది నిజమే. నాకు బుర్ర లేదు."

"ఏడవాలంటే ఏడువు. అయ్యాక రాజు ఎక్కడున్నాడో ఒకసారి చూడు," అన్నారు ఆవిడ. చేట దగ్గరికి లాక్కుంటూ, "నేనెక్కడ నేర్చుకున్నానో తెలుసా? మదనపల్లె శానిటోరియంలో. ఊపిరితిత్తులు పాడై పడుకోబెట్టారు. పక్క మంచం ఆవిడతో ఆడేదాన్ని. ఆవేశపడితే దగ్గొచ్చేది. దగ్గొస్తే రక్తం పడేది. ఆట మధ్యలో రక్తం కక్కుకుంటే నర్సులు బల్ల లాగేసుకునేవాళ్ళు. ఆట ఆడుకోవాలంటే ఆవేశం రాకుండా చూసుకోవాలి. అట్లా అలవాటైంది. నీకు రక్తం పడట్లేదు కాబట్టి ఆవేశపడుతున్నావు."

నేను కూర్చున్నాను. రాజు వైపు చూశాను. రాజుని ఒక గడి పక్కకి జరిపితే ఆవిడ బంటు ఆగిపోతుందని అప్పుడు కనిపించింది. నిన్న కూడా అదే గడి ఖాళీగా ఉంది. మొన్న కూడా ఉండే ఉంటుంది.

ఆ తర్వాత బావతో ఓడిపోవటం నాకు పనికొచ్చే విషయమైంది. ఓడిపోయిన ఆటని మొదట్నుంచీ గుర్తుపెట్టుకుని, మర్నాడు టీచరు గారి బల్ల మీద పరిచేదాన్ని. నా తప్పు ఏ ఎత్తు దగ్గరో ఇద్దరం వెతికేవాళ్ళం. నెమ్మదిగా మరొకటి తెలిసింది. బావకి కూడా తప్పులున్నాయి. ఉచితంగా దొరికిన బంటుని వదల్లేడు. ఎంత దూరంలో ఉన్నా వెళ్ళి కొట్టాల్సిందే. రాజుని మూలకి చేర్చి, ముందు మూడు బంట్లని గోడలా నిలబెట్టి, ఇంక అటువైపు చూడనే చూడడు. నన్ను అతను ఒక్కసారైనా పరీక్షగా చూడలేదు. నేను అతన్ని రోజూ చూస్తూ ఉన్నాను. చిన్నప్పుడు అతను వచ్చాడంటే తలుపు చాటునుంచి ఆశగా చూసిన కళ్ళే ఇవి. ఇప్పుడు ఎక్కడ కొడితే పడతాడో వెతుకుతున్నాయి.

సంక్రాంతి దాటాక ఒకరోజు ఆట మధ్యలో కూనిరాగం ఆగిపోయింది. ఆ ఆట కూడా నేనే ఓడిపోయాను. కానీ అతను కాలు ఊపటం మానేసి బల్ల మీదికి వంగాడు. ఆ రోజు అన్నం రెండుసార్లు మారు పెట్టించుకుని తిన్నాను.

అమ్మ నా వైపు అదోలా చూసింది. "లేసు నేర్చుకుంటానని ఇన్ని రోజులు తిరిగావు. ఒక్క పువ్వన్నా అల్లలేదేంటే?"

"అల్లుతున్నానమ్మా. పెద్దది. అయ్యాక చూద్దువుగాని."

రాష్ట్రపతి పాలన పెట్టారు. రైళ్ళు అప్పుడొకటి ఇప్పుడొకటి నడవసాగాయి. ముహూర్తం మాట్లాడటానికి మా మేనమామ రంగనాయకులు రేపల్లె నుంచి వచ్చాడు. భారీ మనిషి, భారీ గొంతు. వస్తూనే అమ్మకి చెప్పులు తీసి పక్కన పెట్టమని పని చెప్పాడు. అమ్మ పెట్టింది. అన్నగారు వస్తే అమ్మ ఇంట్లో నడిచే తీరే మారిపోయేది.

సాయంత్రం వసారాలో అందరూ చేరారు. బావ తండ్రికి వినోదం చూపిద్దామనుకున్నాడు. "నాలుగెత్తుల సుశీలా, రావే. నాన్నకి నీ ప్రతాపం చూపించు."

నేను చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాను. చేతులు తొడల కింద పెట్టుకున్నాను.

ఆ ఆటలో బావ అడ్డూ ఆపూ లేకుండా మీదికొచ్చాడు. మంత్రి ముందుగా వచ్చింది. దాన్ని గుర్రంతో తరిమాను. ఇంకో గుర్రంతో తరిమాను. అది తిరిగి తిరిగి నా శకటుకీ బంటుకీ మధ్య ఇరుక్కుంది. తీసి పక్కన పెట్టాను. వెంకటప్పయ్య గారు ముందుకి జరిగారు. నాన్న చుట్ట ఆరిపోయింది. తర్వాత అంతా నాదే. ఒక ఏనుగు, ఒక శకటు, రెండో ఏనుగు. అతని మొహం ఎర్రబడుతోంది.

రెండెత్తుల్లో కట్టేసే దారి నాకు కనిపించింది. వెయ్యలేదు. అతన్ని అప్పుడే వదలటం ఇష్టం లేకపోయింది. ఒక్కొక్క బంటునీ వెతికి వెతికి కొట్టాను. నేను వీధిలో ఏరుకొచ్చిన ఆ పావుల్ని ఒక్కొక్కటీ అతని మోకాలి దగ్గర వరసగా నిలబెట్టాను. చివరికి అతనికి ఒక్క రాజు మిగిలాడు, మూలలో. నాకు మంత్రి, ఏనుగు, కావలసినన్ని బంట్లు. వసారాలో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ నిశ్శబ్దం నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంకా సాగదీద్దామని మంత్రిని ఒక గడి దగ్గరికి జరిపాను.

బావ బల్ల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వటం మొదలుపెట్టాడు.

"నా రాజుకి చెక్ ఉందా?"

"లేదు."

"కదలటానికి గడి ఉందా?"

చూశాను. ఏ గడిలోకి కదిలినా నా మంత్రో ఏనుగో కాసుకుని ఉన్నాయి. అతనికి వెయ్యటానికి వేరే పావే లేదు. అన్నీ నేనే తినేశాను.

"చెక్ లేదు, గడి లేదు. అంటే డ్రా! పుస్తకంలో ఉంది, కావాలంటే చూపిస్తాను. వెంకటప్పయ్య గారూ, మీకు తెలుసుగా?"

వెంకటప్పయ్య గారు ఇష్టంలేనట్టుగా తలూపారు. మావయ్య పగలబడి నవ్వాడు. "ఒక్క రాజుని పెట్టుకుని తప్పించుకున్నాడ్రా మావాడు! ఇంత సైన్యముండి గెలవటం చేతకాలేదమ్మా నీకు!"

మళ్ళీ వసారా అంతా నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. నేను అది గమనించాను గాని, అప్పుడు పట్టించుకునే స్థితిలో లేను.

మర్నాడు పొద్దున్నే టీచరు గారింటికి వెళ్ళి బల్ల మీద ఆ ఆటంతా వేశాను. ఆవిడ చివరి వరకూ చూశారు.

"కట్టేసే ఎత్తు కనపడలా?"

"కనపడిందండి."

"మరి?"

"ఇంకా కాసేపు ఏడిపిద్దామనిపించిందండి."

ఆవిడ నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. బల్ల మీదున్నవన్నీ తీసేసి, నా వైపు ఒక రాజు, ఒక దారపు రీలు ఉంచారు. తన వైపు ఒక్క రాజు.

"దీంతో కట్టెయ్యి."

మొదటిసారి డ్రా అయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆవిడ రాజుని ఎలా గోడకి నెట్టాలో కొంచెం తెలిసింది. పొద్దెక్కే దాకా, ఆవిడ అన్నం వండుకుని వచ్చే దాకా, అదే పని. ఎక్కడ పెట్టినా కట్టెయ్యగలిగేదాకా వదల్లేదు.

"అతను ఎంతసేపు బాధపడతాడో నీ చేతిలో ఉండదు. ఆట కట్టటం వరకే నీ చేతిలో ఉంది," అన్నారు బల్ల మడుస్తూ. "కట్టేసి లేచిరా. అంతే."

రెండు రోజుల తర్వాత తాంబూలాలు. పురోహితుడు ఇంకా రాలేదు. వసారాలో నాన్న, మావయ్య, వెంకటప్పయ్య గారు, మిగతా వాళ్ళూ కొత్త చాపల మీద కూర్చున్నారు. నేను పట్టుచీర కట్టుకుని వచ్చి, బావ ముందు బల్ల పరిచాను.

"ఒక్క ఆట, బావా."

"ఇప్పుడేంటే?"

"పురోహితుడు వచ్చేలోగా. భయమా?"

మావయ్య నవ్వి, "ఆడరా, ముచ్చటపడుతుంది," అన్నాడు.

ఈసారి బావ జాగ్రత్తగా ఆడాడు. మంత్రిని తొందరపడి పంపలేదు. రాజుని మూలకి చేర్చాడు. ముందు మూడు బంట్లు గోడలా నిలబడ్డాయి. వెనక వరసలో ఒక ఏనుగు కాపలా ఉంది. నేను నా పావుల్ని ఒక్కొక్కటిగా సర్దుకున్నాను. రెండు పక్కలా పావులు పోయాయి. ఎవరికీ పైచెయ్యి లేదు. అప్పుడు నేను అటు చివరి బంటుని కాపలా లేకుండా వదిలేశాను.

వదిలేశానని తెలియకుండా ఉండటానికి వేరే వైపు చూస్తూ కూర్చున్నాను. నా కోపమంతా ఒళ్ళోనే ఉంది, పిల్లిలా, కదలకుండా.

అతను ఆ బంటుని చూశాడు. కూనిరాగం మొదలైంది. వెనక వరసలోని ఏనుగుని ఎత్తి, ఆ చివరికి తీసుకెళ్ళి బంటుని కొట్టి, చెయ్యి తీశాడు. తీస్తూనే అతనికి తెలిసిపోయింది.

"ఆగాగు. ఇది కాదు. చూళ్ళేదు. వెనక్కి తీసుకుంటున్నా."

"వదిలేశావు బావా."

"పక్కన మాట్లాడుతుంటే ధ్యాస తప్పింది."

నాన్న కలగజేసుకున్నాడు. "పోనీలే అమ్మాయ్, తీసుకోనియ్యి. శుభమా అని..."

"ముట్టుకున్న పావునే ఆడాలంట నాన్నా," అని నా ఏనుగుని నెమ్మదిగా అతని వెనక వరసలోకి జరిపాను. అతని రాజు ముందుకి రావటానికి అతని బంట్లే అడ్డం. పక్కకి జరగటానికి లేదు. మధ్యలో అడ్డం పెట్టటానికి ఏదీ అందదు.

"ఆటకట్టు."

చప్పట్లు లేవు, నవ్వులు లేవు. వెంకటప్పయ్య గారు మాత్రం కళ్ళజోడు సర్దుకుని బల్ల వైపు చూస్తూ, "ఔను. కట్టే," అన్నారు.

నేను లేచాను. బావ నా కొంగు పట్టుకున్నంత పని చేశాడు.

"కూర్చో. ఇంకో ఆట."

"ఇంక ఆడను, బావా."

"అదేంటి? ఒక్కటేగా గెలిచింది? నేనెన్ని గెలిచాను!"

"నువ్వే గెలిచావు. ఒప్పుకుంటున్నాను. నేనింక ఆడను."

అది నేను ముందు అనుకున్నది కాదు. ఆ క్షణాన నోటికొచ్చింది. కానీ అతని మొహం చూశాక, దీనికన్నా పెద్ద దెబ్బ నేను ఎన్నాళ్ళు ఆలోచించినా కొట్టగలిగేదాన్ని కాదని తెలిసింది. ఆ ఓటమిని చెరుపుకోవటానికి అతనికి నేను కావాలి. నేను ఎదురుగా కూర్చోవాలి. కూర్చోను.

పురోహితుడు వచ్చాడు. బావ తాంబూలాల దగ్గరికి రానన్నాడు. "ముందు ఆట ఆడమనండి. ఆడితేనే." మొదట అందరూ హాస్యమనుకున్నారు. అతను చాప మీద పావులు పేర్చుకుని కూర్చుని, పిలిస్తే పలకటం లేదు. పురోహితుడు పంచాంగం చూస్తున్నట్టు తల దించుకున్నాడు.

మావయ్య లోపలికొచ్చాడు. వంటింట్లో అమ్మ పక్కన నేను నిలబడి ఉన్నాను. నాతో కాదు, అమ్మనే పేరు పెట్టి పిలిచి మాట్లాడాడు.

"పేరంటాలూ, మగపిల్లాడు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది వాడికి. దాన్ని వచ్చి ఒక్క ఆట ఆడి ఓడిపొమ్మను. అయిపోతుంది. వచ్చే ముహూర్తం ఎందుకు పాడుచేసుకోవటం?"

అమ్మ పొయ్యి మీద పాయసం తిప్పుతోంది. తిప్పుతూనే ఉంది. అన్నగారు ఏదైనా చెబితే "సరే అన్నయ్యా" అనటం తప్ప ఆవిడ నోట వేరే మాట నేను వినలేదు. ఇప్పుడూ అదే వస్తుందని గోడకి ఆనుకుని ఎదురుచూస్తున్నాను.

"ఎందుకు ఓడిపోవాలన్నయ్యా?" అంది అమ్మ.

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"ఎందుకంటావేంటి? చెప్పానుగా..."

"చెప్పావు. అయినా అడుగుతున్నా. గెలిచింది కదా. ఎందుకు ఓడిపోవాలి?"

మావయ్య నోరు తెరిచాడు. మూశాడు. నా వైపు చూశాడు, ఇదంతా నేను నేర్పినట్టు. తర్వాత, "నువ్వు ఆలోచించుకునే మాట్లాడుతున్నావా?" అన్నాడు.

అమ్మ గరిటె తీసి గిన్నె అంచున రెండుసార్లు తట్టి, మూత పెట్టింది. "పాయసం తిని వెళ్ళండి," అంది.

వాళ్ళు తినలేదు. మధ్యాహ్నం బస్సుకి రేపల్లె వెళ్ళిపోయారు. వెళుతూ మావయ్య, ఇక ఈ గడప తొక్కనని నాన్నతో చెప్పాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు. నాన్న కొన్ని వారాలు నాతోనూ అమ్మతోనూ సరిగా మాట్లాడలేదు. రేపల్లెకి మనుషుల్ని పంపి చూశాడు. అటునుంచి కదలిక లేదు. బావ చదరంగం బల్ల మా ఇంట్లోనే మర్చిపోయాడు. దాన్ని తిరిగి పంపిద్దామని నాన్న అంటే, అడిగినప్పుడు పంపుదామన్నాను. అడగలేదు.

కాలేజీలు తెరిచినట్టు పేపర్లో పడింది. నాన్న చదివి మడిచి పక్కన పెట్టాడు. అమ్మ ఆ పేపరు తీసి నాకిచ్చి, నాన్నకి వినపడేట్టు చదవమంది. విని, "ట్రంకుపెట్టె దించు," అంది. నాన్న ఏదో అనబోయాడు. అమ్మ ఆయన వైపు చూడలేదు. నా వెంట బాపట్ల తానే వస్తానంది. అంతకుముందెప్పుడూ రాలేదు.

రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాం. పొలాల్లో మినుములు తీసేశారు. నిడుబ్రోలు దాటాం. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

"నేనూ అన్నయ్యా ఒకే క్లాసు చదివాం. తెలుసా నీకు?"

తెలియదన్నాను.

"వాడు ఒక ఏడు తప్పాడు. నేను అందుకున్నాను. ఎనిమిదో క్లాసులో నేను పాసయ్యాను, వాడు మళ్ళీ తప్పాడు. చెల్లెలు పై క్లాసుకి పోతే వాడికి నామోషీ అని మా నాన్న నన్ను మానిపించాడు. వాడే అడిగాడంట, దాన్ని మానిపించమని."

రైలు ఏదో చిన్న స్టేషన్లో ఆగి, మళ్ళీ కదిలింది. ఒకామె జామకాయల బుట్టతో ఎక్కింది. అమ్మ రెండు కాయలు కొని, ఒకటి నాకిచ్చింది. తనది కొంగుతో తుడుచుకుని కొరికింది.

"ఆ రోజు వంటింట్లో," అంది నములుతూ, "నేనడిగాక వాడి మొహం చూశావా?"

"చూశానమ్మా."

"నేను పొయ్యి వైపు తిరిగున్నాను. సరిగ్గా కనపడలేదు." అమ్మ నా వైపుకి జరిగి కూర్చుంది. "ఎట్లా పెట్టాడో చెప్పు."

చెప్పాను. నోరు తెరిచి మూసిన దగ్గర్నుంచీ, ఏదీ వదలకుండా, బాపట్ల వచ్చేదాకా చెప్పాను.